నూట యాభై లీటర్ల నీళ్లతో ఎడారి దారిలో

కొళాయి వచ్చే వేళ కనిపెట్టుకుని బిందెలు, డ్రమ్ములు నింపుకోవడం విశాఖ వాళ్లకు కొత్త కాదు. అమెరికా ఎడారుల్లో ట్రైలర్ (కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) యాత్రకు ఆ అలవాటే పెట్టుబడి. ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ దగ్గర మా అమ్మాయి వాళ్లింటి నుంచి బయల్దేరి జాషువా ట్రీ, డెత్ వ్యాలీ జాతీయ పార్కులు తొమ్మిది రోజుల్లో చూసి వచ్చాం. ఆరుగురం. 22 అడుగుల ట్రైలర్, దాన్ని లాగడానికి పెద్ద ఎస్‌యూవీ. పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు ఇలాంటి ప్రయాణం తలపెట్టే మనవాళ్ల కోసం లెక్కలతో సహా రాస్తున్నాను.

వెళ్తే నవంబరు, మార్చి మధ్యే వెళ్లాలి. డెత్ వ్యాలీలోని ఫర్నెస్ క్రీక్‌లో 1913 జులై 10న 56.7 డిగ్రీల వేడి నమోదైంది. ప్రపంచ రికార్డు అదే. వేసవిలో ఆ దారిన ట్రైలర్ లాగాలన్న ఆలోచనే వద్దు.

మొదటి మూడు రాత్రులు జాషువా ట్రీలోని జంబో రాక్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో. గుండ్రటి బండల మధ్య బళ్లు నిలుపుకుని బస చేసే సైట్లు 124 ఉన్నా ఒక్క కొళాయి లేదు, కరెంటు లేదు. ఒక సైట్‌లో ఆరుగురికి మించి ఉండనివ్వరు. ట్రైలర్ ట్యాంకులో పట్టేది 40 గ్యాలన్లు, అంటే 151 లీటర్లు. ఆరుగురికి మూడు రోజులకు పంచితే తలకు రోజుకు ఎనిమిది లీటర్ల చిల్లర. తాగే నీళ్లు ఇందులో కలపకూడదు. వాటికి మనిషికి రోజుకో గ్యాలన్ చొప్పున 18 గ్యాలన్లు విడిగా క్యాన్లలో పెట్టుకున్నాం. మన దగ్గర చెమట కారుతుంది, దాహం గుర్తుకొస్తుంది. అక్కడి పొడిగాలికి చెమట పట్టినట్టే తెలియదు, పుట్టగానే ఆరిపోతుంది. అందుకే దాహంతో పని లేకుండా గంటగంటకూ తాగించాలి, ముఖ్యంగా పిల్లలతో.

ట్రైలర్‌లోని షవర్ నిమిషానికి దాదాపు రెండు గ్యాలన్లు పోస్తుంది. ఒక్కరు ఐదు నిమిషాలు నిలబడితే ట్యాంకులో పావు వంతు ఖాళీ. చిన్న బకెట్టు, చెంబు పట్టుకెళితే మూడు లీటర్లతో ఒళ్లు తుడుచుకోవచ్చు. ఎంగిలి కంచాలు ముందు పేపరుతో తుడిచేసి ఆ తర్వాతే కడగాలి. దీనివల్ల నీళ్లు మిగలడమే కాదు, వాడిన నీళ్లు చేరే గ్రే ట్యాంకు కూడా త్వరగా నిండదు. పొదుపు చేయకూడని చోటు ఒక్కటే, మరుగుదొడ్డి. నీళ్లు తక్కువ పోస్తే బ్లాక్ ట్యాంకులో మలం ఫ్లష్ గొట్టం కిందే గుట్టగా పేరుకుని గట్టిపడుతుంది, తర్వాత ఎంత నీరు పంపినా కదలదు. ఖాళీ చేశాక ముందు నాలుగైదు లీటర్లు పోసి ఉంచాలి, వాల్వు ఎప్పుడూ మూసే ఉండాలి. ఖాళీ చేసేటప్పుడు ముందు బ్లాక్, తర్వాత గ్రే: సబ్బునీళ్లు అదే గొట్టాన్ని కడిగేస్తాయి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. జాషువా ట్రీలో నీళ్లు నింపుకునే కొళాయి, ఈ ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్ రెండూ కాటన్‌వుడ్, బ్లాక్ రాక్ క్యాంప్‌గ్రౌండ్లలో ఉన్నాయి. దక్షిణం నుంచి వచ్చేవాళ్లకు కాటన్‌వుడ్ దారిలోనే తగులుతుంది.

ఈ నీళ్లే మళ్లీ బరువు. 40 గ్యాలన్లంటే 334 పౌండ్లు. ట్యాంకు ఇరుసుకు వెనక ఉన్న ట్రైలర్‌లో దాన్ని నింపితే ముందు కారుకు తగిలించే కొక్కెం మీద భారం తగ్గుతుంది. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఆ కొక్కెం మీద పడాలి. మాది నిండుగా 5,000 పౌండ్లు, అంటే 500కు తగ్గకూడదు. తగ్గితే పెద్ద లారీ పక్క నుంచి దూసుకెళ్లినప్పుడు ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. అప్పుడు కారు బ్రేకు తొక్కితే ఊపు ఇంకా పెరుగుతుంది. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, కారులో డ్రైవర్ దగ్గరుండే బ్రేక్ కంట్రోలర్ మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయాలి. అందుకే బియ్యం, పప్పులు, నీళ్ల క్యాన్లు ఇరుసుకు ముందువైపు సర్దుకోవాలి. చాలామంది మరిచిపోయే లెక్క ఇంకోటి ఉంది. డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన స్టిక్కర్‌పై ఉండే పేలోడ్‌లో, అంటే బండి మోయగల బరువులో, మనుషులు, సామానుతో పాటు ఈ కొక్కెం భారం కూడా వస్తుంది. ఆరుగురు, 600 పౌండ్ల కొక్కెం భారం కలిపితేనే చాలా బళ్ల పరిమితి అయిపోతుంది.

జంబో రాక్స్ 4,400 అడుగుల ఎత్తున ఉంది. ఫిబ్రవరి రాత్రి సున్నా డిగ్రీల దాకా దిగుతుంది. గదిని వేడిచేసే ఫర్నెస్ ప్రొపేన్‌తో మండినా దాని ఫ్యాన్ తిరగడానికి బ్యాటరీ కావాలి, నడిచినంతసేపూ ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడాలి. 12.1 వోల్టుల కంటే కిందికి దించితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. ఫర్నెస్ 15 డిగ్రీల దగ్గర పెట్టి రగ్గులు కప్పుకోవడమే మంచి పద్ధతి. వేడి కోసం గ్యాస్ పొయ్యి వెలిగించి పడుకోవడం ప్రాణాంతకం, దాన్నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. జనరేటర్ ఆడించడానికి కూడా పార్కు వేళలున్నాయి: ఉదయం 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7.

ఆగగానే ట్రైలర్‌ను సమతలం చేయాలి. కొక్కెం విప్పకముందే పల్లంగా ఉన్న వైపు చక్రం కింద దిమ్మలు వేసి పక్కలు సరిచేసుకోవాలి. ఆ తర్వాత చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, కొక్కెం విప్పి, ముందు జాకీతో ముందువెనకలు చూసుకోవాలి. ఇది నిద్ర సుఖం కోసమే అనుకోకండి. గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్‌లో అమోనియా ద్రవం తన బరువుతోనే కిందికి జారి తిరుగుతుంది. ట్రైలర్ వాలుగా ఉంటే అది ఒకచోట నిలిచి, వేడెక్కి, ఫ్రిజ్ శాశ్వతంగా చెడిపోతుంది.

మన వంట విషయం. ఎండుమిర్చి పోపు పెడితే పొగ అలారం మోగుతుంది, ముందే పైకప్పు వెంట్ తెరిచి ఫ్యాన్ వేయాలి. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన మిక్సీ అక్కడి 120 వోల్టులకు సరిగా తిరగదు. పొడులు ఇంట్లోనే కొట్టుకెళ్లాలి. కరెంటున్న సైట్‌లో కూడా 30 ఆంపియర్లే, 3,600 వాట్లు. ఏసీ, ఇండక్షన్ స్టవ్, మైక్రోవేవ్ మూడూ కలిస్తే బ్రేకర్ పడిపోతుంది.

జాషువా ట్రీలోని చోయా కాక్టస్ (ముళ్లజెముడు) తోటకు పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు జేబులో పళ్లు వెడల్పుగా ఉన్న దువ్వెన ఉండాలి. ముళ్లకు వెనక్కి తిరిగిన సన్నటి పళ్లుంటాయి, తగిలితే ముళ్ల ముద్ద మొత్తం ఊడి ఒంటికి అతుక్కుంటుంది. వేళ్లతో లాగితే వేళ్లకు పడుతుంది. దువ్వెన కిందికి దూర్చి ఒక్క విసురులో లేపేసి, మిగిలిన ముళ్లు పటకారుతో తీయాలి.

డెత్ వ్యాలీకి బేకర్‌లో పెట్రోలు నిండా పట్టించుకుని 127, 190 రోడ్ల మీదుగా దిగాం. ట్రైలర్ లాగుతుంటే మైలేజీ దాదాపు సగమవుతుంది, పార్కు లోపల ధర బాగా ఎక్కువ. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండికి గంటకు 55 మైళ్లే గరిష్ఠ వేగం. అది టైర్లకూ మంచిదే. మన దగ్గర ఉప్పుగాలికి ఇనుము పోతుంది, అక్కడ ఎండకు రబ్బరు పోతుంది. పైన గాట్లు బాగున్నా పక్కగోడల్లో సన్నటి పగుళ్లు కనిపిస్తే ఆ టైరు నమ్మకూడదు. టైరుపై డాట్ కోడ్ చివరి నాలుగంకెలు అది తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. ఐదారేళ్లు దాటితే మార్చేయడమే. గాలి పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. మధ్యాహ్నం పెరిగిన ప్రెషర్ చూసి గాలి తీసేయడం పెద్ద పొరపాటు.

ఫర్నెస్ క్రీక్‌లో నీరు, కరెంటు, మురుగు గొట్టం మూడూ ఉన్న సైట్లు 18 మాత్రమే. ట్రైలర్ అక్కడ విడిచి కారులోనే జబ్రిస్కీ పాయింట్, సముద్రమట్టానికి 282 అడుగులు దిగువనున్న బ్యాడ్‌వాటర్ చూడాలి. బ్యాడ్‌వాటర్‌లో ఉప్పు పలకలు కాలి కింద పటపటలాడతాయి. మెస్కీట్ ఇసుక దిబ్బలకు తెల్లవారకముందే వెళ్లాలి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసిన కళ్లకు ఆ పాలిపోయిన ఇసుక మొదట చప్పగా కనిపిస్తుంది, ఏటవాలు వెలుగు పడగానే ప్రతి అంచూ గీత గీసినట్టు తేలుతుంది. బయటికెళ్లినా, పడుకున్నా ట్రైలర్ పక్కన నీడకు గుడారంలా చాపిన ఆనింగ్ మడిచేయాలి. ఒక్క గాలి విసురుకు దాని చేతులు వంగిపోతాయి.

పడమటి దారిన స్టవ్‌పైప్ వెల్స్ నుంచి 4,956 అడుగుల టౌన్ పాస్ దాకా ఒకటే ఎక్కుడు. కొళాయి ఉంది కదా అని బయల్దేరేముందు ట్యాంకు నింపకూడదు. ఐదు గ్యాలన్లు చాలు, ఆ మిగతా బరువు కొండెక్కించడం దండగ. కారు ఏసీ ఆపి, ఇంజన్ వేడి ముల్లు చూసుకుంటూ నెమ్మదిగా ఎక్కాలి. దిగేటప్పుడు అరకు ఘాట్‌లో పాటించే పద్ధతే, ఎక్కిన గేర్‌లోనే దిగాలి. బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచకుండా గట్టిగా వేసి వదిలేస్తుండాలి. కింద పానమింట్ లోయలో చదును మీద కొంత దూరం నడిచాక ఆపి ట్రైలర్ నాలుగు చక్రాల హబ్బుల (చక్రం నడిమి భాగాల) దగ్గరా చేయి పెట్టి చూడాలి. నాలుగూ ఒకేలా వెచ్చగా ఉంటే బయల్దేరవచ్చు. ఒక్కటే మిగతా మూడింటికంటే కాలుతుంటే అక్కడ పాడైన బేరింగో, పట్టేసిన బ్రేకో ఉన్నట్టు. అది చల్లారి, కారణం తేలేదాకా చక్రం కదపకూడదు.