నాలుగో కమాను పేరు

తొమ్మిదో తరగతిలో మా సోషల్ సార్ "ఆదివారం చార్మినార్ చూసొద్దాం రా" అంటే క్లాసంతా నవ్వింది. బడి కిటికీలోంచి మినార్ల కొసలు రోజూ కనిపించేవి మరి.

పొద్దున ఆరున్నరకు మదీనా చౌరస్తా దగ్గర కలిశాం. పత్తర్‌గట్టిలో దుకాణాలు తెరవలేదు. వేలాడే బట్టలు, బోర్డుల సందడి లేకపోయేసరికి ఆ రాతి కమాన్ల వరస నేనెప్పుడూ చూడని వీధిలా ఉంది. మచిలీ కమాన్ దాటి, నాలుగు కమాన్ల నడుమ ఉన్న గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ చేరగానే సార్ నన్ను పట్టుకున్నారు. "మీ నాయన ఈడనే గద పనిచేసేది? నాలుగు కమాన్ల పేర్లు చెప్పు." ఉత్తరాన మచిలీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్. పడమటి దాని దగ్గర ఆగిపోయాను. మా నాయన గుమాస్తాగా కూర్చునే ముత్యాల దుకాణం సరిగ్గా దాని పక్కనే! షేర్-ఎ-బాతిల్ అని సారే చెప్పారు. కుతుబ్‌షాహీల మహళ్లకు అటే దారట. మహళ్లు పోయి ద్వారం మిగిలింది.

చార్మినార్ 1591 నాటిదని తెలుసు. గడియారాలు 1889లో పెట్టారంటే మాత్రం నమ్మలేదు. అవీ కులీ కుతుబ్‌షాతోనే వచ్చాయనుకునేవాణ్ని. మక్కా మసీదు 1617లో మొదలై ఔరంగజేబు హయాంలో 1694కి పూర్తయిందని చెప్పి, "ఇగ మన బడి ప్రహరీ గోడ సంగతి ఎవ్వరూ అడగొద్దు" అన్నారు సార్.

లాడ్ బజార్ వెనక సందులో గాజుల తయారీ చూస్తూ చాలాసేపు నిలబడిపోయాం. కుంపటి సెగకు లక్కను మెత్తబరిచి, తాడులా సాగదీసి, చల్లారకముందే గుండ్రంగా చుట్టి, ఒక్కో రాయీ అద్దుతున్నారు. ఒక ముసలమ్మ అప్పుడే చేసిన గాజు నా చేతిలో పెట్టింది. ఇంకా గోరువెచ్చగా ఉంది. బస్సు డబ్బులు పెట్టి అమ్మకు జత కొన్నాను. కొలత తప్పాను. అవి అమ్మ చేతికి ఎక్కనేలేదు.

రాత్రి నాయన అన్నం తింటుంటే పరీక్ష పెట్టాను: "మీ దుకాణం పక్క కమాను పేరేంది?"

ముద్ద మింగి, "అదా? మా సేటు కమాన్" అన్నాడు.