భూమి ఉంది, నంబరు లేదు

హనుమకొండలో నేను పాఠాలు చెప్పే ఇంజనీరింగ్ కళాశాల ల్యాబ్‌లో, చాలా ఏళ్ల క్రితం, 16 జీబీ ర్యామ్ ఉన్న ఒక సర్వర్ మీద 32 బిట్ల లినక్స్ నడిచేది. ఒక మధ్యాహ్నం విద్యార్థుల ప్రోగ్రాములు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. మెమరీ చాలక లినక్స్‌కు గుండెకాయ వంటి భాగమైన కెర్నలే వాటిని చంపినట్టు, జరిగినవన్నీ నమోదయ్యే లాగ్‌లో ఉంది. అప్పటికి సగానికి పైగా ర్యామ్ ఖాళీగానే ఉంది. "ఇంత ఖాళీ పెట్టుకొని సాలలేదంటదేంది సార్?" అని పరకాల వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి అడిగాడు. ఆ ప్రశ్నకు పూర్తి జవాబు ఇక్కడ రాసి పెడుతున్నాను.

ర్యామ్ ఎంత ఉన్నా, 32 బిట్లతో ఒక్కో ప్రోగ్రాము లెక్కించగలిగిన చిరునామాలు 4 జీబీకి మించవు. ఆ లినక్స్‌లో కింది 3 జీబీ ప్రోగ్రాముకు, పై 1 జీబీ కెర్నల్‌కు చెందుతాయి. కెర్నల్ ప్రతి ప్రోగ్రాము చిరునామాల్లోనే పై భాగంలో ఎందుకుండాలంటే, ప్రోగ్రాము ఫైలు చదవమని అడిగిన ప్రతిసారీ పేజీ పట్టికను, అంటే ఏ చిరునామా ర్యామ్‌లో ఏ చోటుదో చెప్పే పట్టికను, మార్చవలసి వస్తే, ప్రాసెసర్ తన టీఎల్‌బీ అనే చిన్న నిల్వలో దాచుకున్న ఆ అనువాదాలు చెల్లకుండా పోయి, వాటిని మళ్లీ మొదటినుంచి వెతుక్కోవలసి వస్తుంది. ఇది మంచి ఏర్పాటే. 2018 జనవరిలో బయటపడ్డ మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపం వల్ల, ఆ ఖర్చును భరించి మరీ రెండింటికీ వేర్వేరు పట్టికలు పెట్టవలసి వచ్చింది.

చిక్కంతా కెర్నల్‌కు దక్కిన ఆ 1 జీబీలోనే ఉంది. అందులో 896 ఎంబీ మేరకే ర్యామ్‌కు శాశ్వతమైన చిరునామాలుంటాయి. మిగిలిన 128 ఎంబీ తాత్కాలిక జోడింపుల వంటి పనులకు పోతుంది. 896 ఎంబీ దాటిన ర్యామ్ అంతా హైమెమ్. ప్రోగ్రాములు దాన్ని వాడుకోగలవు, కాని శాశ్వతమైన చిరునామా లేనందున కెర్నల్‌కు తన సొంత పట్టికలలో చాలావాటిని అక్కడ పెట్టడం కుదరదు. మా లాగ్‌ను మళ్లీ చదివితే, హైమెమ్‌లో గిగాబైట్ల కొద్దీ ఖాళీ ఉండగా, ఆ 896 ఎంబీలోని నార్మల్ జోన్ అనే భాగం నిండిపోయి కనిపించింది.

ఇదంతా బోర్డు మీద గీసి చెబుతుంటే ఆ విద్యార్థి, "అంటే భూమి ఉంది గని పాస్‌బుక్‌ల ఎక్కలేదన్నట్టు" అన్నాడు. ఇంతకన్నా సరిగ్గా నేను చెప్పలేను. ఎక్కని భూమి దున్నుకోవడానికి పనికొస్తుంది, బ్యాంకులో చూపించడానికి పనికిరాదు.

ర్యామ్ పెంచితే పోతుందని అప్పుడు కొందరు సలహా ఇచ్చారు. అది జబ్బును ముదిరించే మందు. ర్యామ్‌లో ప్రతి 4 కేబీ ముక్కకు, అంటే పేజీకి, కెర్నల్ దాదాపు 32 బైట్ల వివరం రాసుకుంటుంది, అదీ ఆ 896 ఎంబీలోనే; 16 జీబీ అంటే దాదాపు 42 లక్షల పేజీలు, వాటి వివరాలకే 128 ఎంబీ. ర్యామ్ రెట్టింపైతే ఇదీ రెట్టింపై, ఇరుకు మరింత ఇరుకవుతుంది.

64 బిట్ల లినక్స్‌లో, 48 బిట్ల చిరునామాలతోనే, ప్రోగ్రాముకు 128 టీబీ, కెర్నల్‌కు 128 టీబీ దొరుకుతాయి. ర్యామ్ అంతటికీ నేరుగా చిరునామాలు ఇవ్వవచ్చు, హైమెమ్ అవసరమే ఉండదు. మా సర్వర్ ప్రాసెసర్ 64 బిట్లదే కాబట్టి, ఆ వారమే అదే యంత్రం మీద ఆ లినక్స్ ఎక్కించాం. ర్యామ్ అదే 16 జీబీ. ఆగిపోయిన ప్రోగ్రాములన్నీ మళ్లీ పెడితే సాయంత్రానికి పూర్తయ్యాయి.