ఒకే రోట్లో రెండు రోకళ్లు: మిగ్-21 గన్ కథ
2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మన వాయుసేన మిగ్-21 యుద్ధ విమానాలకి వీడ్కోలు చెప్తుంటే బెజవాడలో ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూశా, గొంతు పట్టేసింది నిజంగా. అందరూ విమానం గురించే మాట్లాడారు, నాకు మాత్రం దాని గన్ జీఎస్‌హెచ్-23 గురించి రాయాలనిపించింది.

రష్యాలోని తులాలో గ్రియాజెవ్, షిపునోవ్ అని ఇద్దరు ఇంజనీర్లు చేశారు దీన్ని, పేరులో ఉన్నది వాళ్లే. 23 మిల్లీమీటర్ల గుండు, రెండు బ్యారెల్స్. మా అమ్మమ్మ వాళ్లది గుంటూరు దగ్గర పల్లె, అక్కడ ఇద్దరు ఆడోళ్లు ఒకే రోట్లో కారం దంచేవాళ్లు, ఒకరి రోకలి లేస్తే ఇంకొకరిది పడుద్ది, అచ్చం అదే లెక్క ఇక్కడ కూడా, ఒక బ్యారెల్ పేలిన ఊపుతోనే రెండోది లోడ్ అయి పేలుద్ది. ఈ ఐడియా మొదటి ప్రపంచ యుద్ధం నాటి గాస్ట్ అనే జర్మన్ ఇంజనీర్‌ది. నిమిషానికి 3000 పైనే రౌండ్లు!

మన మిగ్-21ల్లో ఎఫ్‌ఎల్ అనే రకంలో లోపల గన్నే లేదు, మిసైల్స్ ఉంటే చాలనుకున్నారు అప్పట్లో, అది పెద్ద తప్పని నా అభిప్రాయం. తర్వాత పొట్ట కింద జీపీ-9 అనే పాడ్, అంటే ఈ జీఎస్‌హెచ్-23 గన్ అమర్చిన డబ్బా, తగిలించారు, 200 రౌండ్లు, అంటే నొక్కి పట్టుకుంటే నాలుగు సెకన్లలో ఖాళీ. ఆ గన్‌తోనే 1971 డిసెంబర్ 12న కచ్ సింధుశాఖ మీద మనవాళ్లు పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ యుద్ధ విమానాన్ని కూల్చారు.