ఎలిప్టిక్ కర్వ్ క్రిప్టోగ్రఫీకి ఏ పుస్తకాలు? నా అనుభవం

ఎలిప్టిక్ కర్వ్ క్రిప్టోగ్రఫీ (ఒక రకం వక్రం మీది బిందువుల కూడికతో సందేశాలకు, సంతకాలకు రక్షణ ఇచ్చే పద్ధతి) నేర్చుకోవడానికి ఒక్క పుస్తకం పేరు చెప్పమంటే నేను చెప్పలేను, అలాంటిది లేదు కాబట్టి. వక్రాల గణితం బాగా చెప్పే పుస్తకాలు కోడ్ రాసేటప్పుడు ఎక్కడ దెబ్బ తింటామో చెప్పవు. కోడ్ కోసం రాసినవి ఆ సూత్రాలు ఎందుకు పనిచేస్తాయో రెండు ముక్కల్లో దాటేస్తాయి. హనుమకొండలో ఉండి సొంతంగా చదువుకునేటప్పుడు నేను చివరికి రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టుకున్నాను, మిగతావి అవసరమైన చోట మాత్రమే తెరిచాను. ఏది ఎందుకు ఉంచానో, ఏది ఎందుకు పక్కన పెట్టానో ఇక్కడ రాస్తున్నాను.

ముందు బీజగణితం సంగతి. చాలామంది భయపడేంత అక్కర్లేదు. మాడ్యులో లెక్కలు (ఒక సంఖ్యతో భాగిస్తే మిగిలే శేషాలతో చేసేవి), యూక్లిడ్ పద్ధతిని పొడిగించి విలోమం కనుక్కోవడం, సమూహంలో ఏ మూలకం ఆర్డరైనా (దాన్ని దానితోనే ఎన్నిసార్లు కలిపితే తటస్థ మూలకం వస్తుందో ఆ సంఖ్య) సమూహం పరిమాణాన్ని భాగిస్తుందన్న లాగ్రాంజ్ సిద్ధాంతం, పరిమిత క్షేత్రం గురించి కాస్త అవగాహన ఉంటే చాలు. తెలుగు మీడియంలో బీఎస్సీ మ్యాథ్స్ చదివినవాళ్లు తెలుగు అకాడమీ పుస్తకాల్లో సమూహాలు, వలయాల భాగం ఒకసారి తిరగేస్తే సరిపోతుంది. బిందువును రెట్టింపు చేసే సూత్రంలో ఉండేది ఇంటర్ 1బీలో నేర్చుకున్న స్పర్శరేఖ వాలే, భాగహారం బదులు మాడ్యులర్ విలోమం వస్తుంది, అంతే తేడా. బీటెక్ వాళ్ల దగ్గర సీఎన్ఎస్ (క్రిప్టోగ్రఫీ అండ్ నెట్‌వర్క్ సెక్యూరిటీ) సబ్జెక్టుకు కొన్న స్టాలింగ్స్ పుస్తకం ఉండొచ్చు. అందులో మాడ్ 23 మీద ఒక వక్రం చూపించి కొద్ది పేజీల్లో ముగిస్తారు. పరీక్షకు అది చాలు, దీనికి చాలదు. బీజగణితం బొత్తిగా లేనివాళ్లకు హాఫ్‌స్టీన్, పైఫర్, సిల్వర్‌మన్ కలిసి రాసిన 'యాన్ ఇంట్రడక్షన్ టు మ్యాథమెటికల్ క్రిప్టోగ్రఫీ' నయం. 2014 నాటి రెండో ఎడిషన్‌లో మొదటి రెండు అధ్యాయాలు చదివి నేరుగా ఆరోదానికి వెళ్లొచ్చు. 2008 నాటి మొదటి ఎడిషన్ దొరికితే అదే విషయం ఐదో అధ్యాయంలో ఉంటుంది.

డబ్బు పెట్టకముందు ఒక లెక్క చేతితో చేసి చూడండి. వక్రం: వై² = ఎక్స్³ + 2ఎక్స్ + 1, మాడ్ 19. ఎక్స్‌కు 0 నుంచి 18 దాకా విలువలు వేస్తే 13 చోట్ల రెండేసి బిందువులు వస్తాయి, అంటే 26. అనంత బిందువును (కూడికలో సున్నాలా పనిచేసే బిందువు) కూడా లెక్కపెట్టాలి, అది మర్చిపోతే తర్వాతవన్నీ తప్పుతాయి. మొత్తం 27. వక్రం మీద ఎన్ని బిందువులు ఉండొచ్చో చెప్పే హాస్సే హద్దు ప్రకారం ఈ సంఖ్య 12 నుంచి 28 లోపు ఉండాలి, ఉంది. ఇప్పుడు (0, 1) తీసుకొని రెట్టింపు చేస్తూ పోతే (1, 17), ఆపైన (15, 10), ఆపైన (0, 18) వస్తాయి. ఈ చివరిది మొదటి బిందువుకు రుణ బిందువు (వై గుర్తు మారినది, మాడ్ 19లో 18 అంటే -1). ఎనిమిది రెట్లు చేస్తే రుణ బిందువు వచ్చింది కాబట్టి తొమ్మిదో రెట్టు అనంత బిందువు. వక్రం మీద 27 బిందువులున్నా (0, 1) తొమ్మిదింటి మధ్యే తిరుగుతుంది, 27ను 9తో భాగిస్తే వచ్చే కోఫాక్టర్ 3 అన్నమాట. పైగా 27 అంటే మూడు మూళ్ల గుణకారమే. ఆర్డర్ ఇలా చిన్న ప్రైమ్‌లుగా విడిపోతే పోలిగ్-హెల్మన్ పద్ధతి, ఒక బిందువును ఎన్ని రెట్లు చేశారో కనుక్కునే సమస్యను (ఆ సంఖ్యే రహస్యం) ముక్కలు చేసి పరిష్కరిస్తుంది, 256 బిట్ల వక్రమైనా అప్పుడు రక్షణ ఉండదు. ప్రమాణాల్లో పెద్ద ప్రైమ్ ఆర్డర్ కోసం పట్టుబట్టేది అందుకే.

ఇదే లెక్కను పైథాన్‌లో రాస్తే మొదట తగిలే దెబ్బ భాగహారం గుర్తు దగ్గర. (1, 17)ను రెట్టింపు చేసేటప్పుడు వాలు 5/15 అవుతుంది. మామూలు భాగహారం 0.333 అని చూపిస్తుంది, కావలసిన జవాబు 13. పైథాన్ 3.8 నుంచి పౌ ఫంక్షన్‌లో ఘాతంగా మైనస్ 1 ఇస్తే విలోమం వస్తుంది. రెండో దెబ్బ, ఒక బిందువును దాని రుణ బిందువుతో కూడినప్పుడు హారం సున్నా కావడం. కోడ్‌లో ఆ సందర్భం విడిగా లేకపోతే అక్కడే ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ పాతదైతే పారీ-జీపీ అనే ఉచిత గణిత సాఫ్ట్‌వేర్ హాయిగా నడుస్తుంది. సేజ్ అనే మరో ఉచిత గణిత సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే వాడుకోవచ్చు, 27 సరైనదో కాదో అది చెబుతుంది.

పుస్తకం చేతికొచ్చాక నేను ముందుమాట చదవను, మూడు చోట్లు తెరిచి చూస్తాను. మొదటిది కూడిక సూత్రాల పేజీ, అక్కడ సందర్భాలన్నీ విడివిడిగా రాశారా లేదా అని. రెండోది తాళం చెవులు మార్చుకునే ప్రోటోకాల్ దగ్గర. కూడిక సూత్రంలో వక్రం సమీకరణంలోని చివరి స్థిరాంకం ఎక్కడా రాదు. అందువల్ల అవతలివాడు వేరే వక్రం మీది బిందువు పంపినా కోడ్ గమ్మున లెక్కచేసి జవాబిస్తుంది, ఆ జవాబుల నుంచి రహస్య సంఖ్యను కొంచెం కొంచెంగా లాగేయొచ్చు. వచ్చిన బిందువు మన వక్రం మీద ఉందో లేదో చూడమని పుస్తకం చెప్పాలి. మూడోది ఈసీడీఎస్ఏ సంతకం, అంటే ఈ వక్రాలతో చేసే డిజిటల్ సంతకం. ప్రతి సంతకానికి వాడే తాత్కాలిక సంఖ్య రెండుసార్లు ఒకటే అయితే, రెండు సందేశాల హ్యాష్‌ల తేడాను రెండు సంతకాల తేడాతో మాడ్యులోలో భాగిస్తే ఆ సంఖ్య బయటపడుతుంది, దాంతోపాటే ప్రైవేట్ కీ కూడా. 2010లో ప్లేస్టేషన్ 3 సంతకం కీ బయటపడింది ఇలాగే. 'ఒక యాదృచ్ఛిక సంఖ్య తీసుకోండి' అని ఒక్క వాక్యంతో ముందుకెళ్లే పుస్తకాన్ని నమ్ముకొని నేను కోడ్ రాయను.

ఇలా చూస్తే నిలిచినవి రెండు. ఒకటి లారెన్స్ వాషింగ్టన్ రాసిన 'ఎలిప్టిక్ కర్వ్స్: నంబర్ థియరీ అండ్ క్రిప్టోగ్రఫీ', 2008 నాటి రెండో ఎడిషన్. రెండోది హాంకర్సన్, మెనెజెస్, వాన్‌స్టోన్‌ల 'గైడ్ టు ఎలిప్టిక్ కర్వ్ క్రిప్టోగ్రఫీ', 2004. వీటిని ఒకదాని తర్వాత ఒకటి కాకుండా కలిపి చదవాలి. వాషింగ్టన్ రెండో అధ్యాయంలో కూడిక నియమం దాకా రండి. సహచర ధర్మం నిరూపణ పొడవైనది, మొదటిసారి దాన్ని నమ్మి వదిలేయడమే మంచిది. అక్కడ ఆగి గైడ్ మూడో అధ్యాయం తెరవండి. విలోమం ఖరీదైన పని కాబట్టి దాన్ని తప్పించడానికి ప్రొజెక్టివ్, జాకోబియన్ నిరూపకాలు ఎందుకు వచ్చాయో అక్కడ గుణకారాల లెక్కతో సహా తెలుస్తుంది. మళ్లీ వాషింగ్టన్ నాలుగు, ఐదు అధ్యాయాలు. ఐదోది దాడుల గురించి. నా లెక్కన ఈ ఒక్క అధ్యాయం కోసమైనా ఆ పుస్తకం కొనొచ్చు. మూడో అధ్యాయంలోని వెయిల్ పెయిరింగ్‌ను (రెండు బిందువుల నుంచి ఒక క్షేత్ర మూలకాన్ని ఇచ్చే ప్రమేయం) ముందే తలకెత్తుకోకండి. ఐదో అధ్యాయంలో మెనెజెస్, ఒకమోటో, వాన్‌స్టోన్‌ల దాడి వచ్చినప్పుడు వెనక్కి వెళ్లి చదివితే అది ఎందుకో అర్థమవుతుంది. ఆ తర్వాత గైడ్ నాలుగో అధ్యాయం. పబ్లిక్ కీ తనిఖీ అందులో ఉంది.

గైడ్ రెండో అధ్యాయంలో బైనరీ క్షేత్రాల (మూలకాల సంఖ్య 2 ఘాతంగా ఉండేవి) మీద చాలా పేజీలున్నాయి, వాటిని దాటేయొచ్చు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2023లో వెలువరించిన ఎస్పీ 800-186 పత్రం బైనరీ వక్రాలను ఇక వాడొద్దన్న జాబితాలోకి చేర్చింది. అసలు లోటు వేరే ఉంది. కర్వ్25519 అనే వక్రం వచ్చింది 2006లో, ఎడ్వర్డ్స్ వక్రాలు 2007లో, అంటే గైడ్‌లో ఇవి రెండూ ఉండవు. వాషింగ్టన్ రెండో ఎడిషన్‌లో ఎడ్వర్డ్స్ నిరూపకాలు క్లుప్తంగా ఉన్నాయి. ఇవాళ ఫోన్లలో మెసేజింగ్ యాప్‌లు, ఎస్ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) వాడేది ఎక్కువగా ఈ కుటుంబాన్నే కాబట్టి ఈ ఖాళీని ఇంటర్నెట్ సాంకేతిక పత్రాలైన ఆర్ఎఫ్‌సీ 7748, 8032లతో పూడ్చుకోవాలి. తాత్కాలిక సంఖ్య సమస్యకు మందు ఆర్ఎఫ్‌సీ 6979. మూడూ ఉచితం.

పక్కన పెట్టినవాటిలో మొదటిది సిల్వర్‌మన్ 'ది అరిథ్‌మెటిక్ ఆఫ్ ఎలిప్టిక్ కర్వ్స్'. గొప్ప పుస్తకమే గానీ బీజీయ జ్యామితి వచ్చినవాళ్ల కోసం రాసింది. పేరు చూసి ముందుగా అదే కొంటే అల్మారాలోనే ఉండిపోతుంది. సిల్వర్‌మన్, టేట్ కలిసి రాసినది చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ దాని దృష్టంతా అకరణీయ బిందువుల మీద. తీరిక ఉంటే చదవండి.

ఇక దొరకడం. వరంగల్, హనుమకొండ దుకాణాల్లో పోటీ పరీక్షల గైడ్లు, సిలబస్ పుస్తకాలు దొరికినంత సులువుగా ఇలాంటివి దొరకవు. ఆర్డర్ ఇచ్చి తెప్పించుకోవాలి, లేదా కాజీపేటలో రైలెక్కి వెళ్లి కోఠి, ఆబిడ్స్‌లో పాత పుస్తకాలు వెతకాలి. పాతది కొనేటప్పుడు అట్ట చూసి మోసపోవద్దు, కాపీరైట్ పేజీలో ఎడిషన్ చూడండి. 2003 వాషింగ్టన్‌లో ఎడ్వర్డ్స్ నిరూపకాలు ఉండవు. నిట్, కాకతీయ యూనివర్సిటీ లైబ్రరీల్లో చూడాలనుకుంటే బయటివాళ్లకు అనుమతి ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. డబ్బు పెట్టలేనివాళ్లకు స్టీవెన్ గాల్‌బ్రెయిత్ 'మ్యాథమెటిక్స్ ఆఫ్ పబ్లిక్ కీ క్రిప్టోగ్రఫీ', విక్టర్ షూప్ సంఖ్యాశాస్త్ర పుస్తకం రచయితల సైట్లలోనే ఉచితంగా ఉన్నాయి. అంతా ప్రింట్ తీయించకండి, కావలసిన అధ్యాయాలే జిరాక్స్ సెంటర్‌లో రెండు వైపులా తీయించి స్పైరల్ వేయించుకోండి. ఖర్చు తగ్గుతుందని ఒక షీటు మీద రెండు పేజీలు వేయిస్తే పైన కింద ఉండే చిన్న అంకెలు కనపడవు, గణితం పుస్తకంలో అవే ప్రాణం.

రాసిన కోడ్‌ను సరిచూసుకోవడానికి ఆర్ఎఫ్‌సీల్లో పరీక్షా విలువలు ఇచ్చారు. 7748లో ఒకే లెక్కను 1, 1,000, 10,00,000 సార్లు తిప్పితే రావలసిన జవాబులున్నాయి. మొదటిదే తప్పితే ముందు బైట్ల వరుస చూడండి. ఎక్స్25519 (కర్వ్25519తో తాళం చెవులు మార్చుకునే పద్ధతి) సంఖ్యలను చిన్న బైటు ముందుగా రాస్తుంది, నిస్ట్ వక్రం పీ-256 పెద్ద బైటు ముందుగా. అది సరిగ్గా ఉంటే రహస్య సంఖ్యలో బిట్లు సర్దే మెట్టు చూడండి: కింది మూడు బిట్లు సున్నా, అన్నిటికన్నా పైబిట్టు సున్నా, దాని పక్కది ఒకటి కావాలి. ఒకసారికి సరిగ్గా వచ్చి వెయ్యిసార్లకు తప్పుతుంటే, లెక్క చివర 2²⁵⁵ - 19తో పూర్తిగా తగ్గించకుండా వదిలేస్తున్నారేమో చూడండి.