బోల్టు పట్టింది, అయితే?

నిద్ర రావట్లేదు. చిన్నోడు షెడ్డులో లైటు ఆర్పేసి వచ్చి పడుకున్నాడు కూడా. నాకు మాత్రం మా క్వాడ్‌కి, అదే హ్యాండిల్ ఉన్న నాలుగు చక్రాల బండికి, షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు) అమ్మినాయన మాట ఇంకా చెవిలోనే ఉంది. "బండి మోడల్ ఒకటే కదండీ, కళ్ళు మూసుకుని బిగించేయండి."

ముందు చక్రాల్ని చట్రానికి కలిపే ఆర్మ్‌ల గురించి ఒక్క ముక్క అడగలేదు. బండితో వచ్చినవేనా, బయట చేయించినవా, ఎంత వెడల్పువి, చక్రం పైకీ కిందికీ కదిలే దూరం మామూలుదా (స్టాండర్డ్ ట్రావెల్), ఎక్కువదా (లాంగ్ ట్రావెల్)? ఏమీ లేదు. కాలు కొలవకుండా చెప్పులు అంటగట్టినట్టు అంటగట్టాడు. మోడల్ పేరు ఒకటైతే సరిపోతుందా? యమహా వైఎఫ్‌జెడ్450ఆర్ 2009లో వచ్చింది, 450ఎక్స్ 2010లో. పేరులో ఒక్క అక్షరమే తేడా. మోటోక్రాస్ కోసం, అంటే గెంతులుండే మట్టి ట్రాక్ పందేల కోసం చేసిన ఆర్ దాదాపు 49 అంగుళాల వెడల్పు, చెట్ల మధ్య ఇరుకు దారుల కోసం చేసిన ఎక్స్ 46 చిల్లర. కంపెనీ నుంచి వచ్చిన బండ్లలోనే ఇంత తేడా ఉంటే, రెండు మూడు చేతులు మారిన క్వాడ్‌కి ఏ ఆర్మ్‌లు ఉన్నాయో అడగకుండా ఎలా చెప్తారు?

బోల్టులన్నీ చక్కగా దూరాయి. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. దూరకపోయుంటే పని అక్కడే ఆగిపోయేది. జాకీ తీసేశాక బండి ముందు భాగం కిందికి దిగనే లేదు. చిన్నోడు ఎక్కి కూర్చున్నా అంతంతమాత్రమే. ఆర్మ్‌లు కిందికి వాలిపోయి, చక్రాలు లోపలికి జరిగి, వెడల్పు కోసమని రెండేసి అంగుళాలు పొడవైన ఆర్మ్‌లు వేయించిన బండి ఇరుకుగా, ఎత్తుగా నిలబడింది. టార్చి పెట్టి చూస్తే పై బాల్ జాయింట్‌లో, అంటే ఆర్మ్ చివర చక్రం అటూ ఇటూ తిరగడానికి ఉండే గుండు కీలులో, దాని ఇనుప కాడ కప్పు అంచుని తాకుతోంది. హ్యాండిల్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పిన చోట రంగు లేచిపోయి, గోరంత మేర తెల్లటి ఇనుము నెలవంక ఆకారంలో బయటపడింది. రబ్బరు తొడుగు ఒక పక్క నలిగింది. ఇదంతా బండి షెడ్డు దాటకుండానే. ట్రాక్ మీద గెంతినప్పుడల్లా చక్రాలు గాల్లో వేలాడతాయి. అప్పుడు ఆ లాగుడంతా ఆ కాడ మీదే పడుతుంది. అది విరిగితే చక్రం చేతికొస్తుంది. నాకు కోపం రాదా మరి?

ఆయన అంటగట్టినవి లాంగ్ ట్రావెల్ షాక్‌లు, మా ఆర్మ్‌లేమో స్టాండర్డ్ ట్రావెల్‌వి. లాంగ్ ట్రావెల్ అంటే బండి ఎత్తు పెరుగుతుందనుకుంటారు. పెరగకూడదు. మనిషి కూర్చున్నాక ఎత్తు దాదాపు పాతదే ఉండాలి. పెరిగేది చక్రం కిందికి దిగే దూరం. బరువు పడగానే మొత్తం ట్రావెల్‌లో మూడో వంతు దాకా నొక్కుకుని, మిగతాది గుంతల కోసం దాచుకుంటుంది. అందుకే ఆ షాక్ పొడుగు. ఆ పొడుక్కి తగ్గట్టే ఆర్మ్ మీద షాక్ కూర్చునే చోటు, బాల్ జాయింట్ వాలు మార్చి చేస్తారు. ఒకదాన్ని వదిలి రెండోది కొనుక్కోవడమంటే సగం వస్తువు కొన్నట్టే.

ఈ సంగతి నాకు మొదట చూపించింది బాబాయి. కొత్త షాక్ ఏది చేతికొచ్చినా ముందు స్ప్రింగ్ ఊడదీసేవాడు. స్ప్రింగ్ లేని షాక్‌ని బండికి బిగించి, చక్రం బిగించే హబ్ కింద జాకీ పెట్టి, పూర్తిగా కింద నుంచి పూర్తిగా పైదాకా అంగుళం అంగుళం లేపేవాడు. ప్రతి అంగుళానికీ ఆగి, షాక్ ఎంత నొక్కుకుందో టేపుతో కొలిచి సుద్దముక్కతో గోడ మీద రాసేవాడు. "తిప్పు" అనేవాడు. నేను హ్యాండిల్ తిప్పాలి, ఆయన ఎక్కడ ఏం తగులుతోందో వేలితో తడిమి చూసుకోవాలి. హ్యాండిల్ తిప్పుడుని చక్రానికి అందించే టై రాడ్ పొడవు కుదరకపోతే చక్రం పైకి లేస్తూ తనంతట తనే పక్కకి తిరిగేది, అదీ అప్పుడే తెలిసిపోయేది. బ్రేకు పైపు ఎక్కడ బిగుసుకుంటుందో కూడా. నాకు విసుగొచ్చి "బోల్టులు పట్టాయి కదా బాబాయ్" అంటే, "బోల్టు పట్టిందంటే బోల్టు పట్టిందనే అర్థం" అనేవాడు. గోడ నిండా అంకెలే. పిన్ని ఎన్నిసార్లు తుడిచినా మళ్ళీ నిండిపోయేది.

ఆ అంకెల్లోంచే ఒక లెక్క నేర్పాడు. షాక్ వాలుని పక్కనపెడితే, ఆర్మ్ 16 అంగుళాలనుకుందాం, షాక్ కూర్చున్నది లోపలి చివర నుంచి 8 అంగుళాల దగ్గర. అంగుళం నొక్కడానికి 200 పౌండ్లు పట్టే స్ప్రింగ్ వేస్తే చక్రం దగ్గర సగం, అంటే 100 ఉంటుందనిపిస్తుంది. కాదు, 50. బలమూ సగమే అందుతుంది, కదలికా సగమే. ఆ రెండు సగాలూ హెచ్చవేసుకోవాలి. ఇప్పుడు ఆర్మ్‌ని 18 చేసి షాక్‌ని 8 దగ్గరే ఉంచితే ఆ 50 కాస్తా 40కి కొంచెం తక్కువవుతుంది. రెండంగుళాలకే ఐదో వంతు మెత్తబడింది! ఎవరి స్ప్రింగో మన బండికి ఎలా పనికొస్తుంది?

రాసుకుంటూ వస్తుంటే అమ్మినాయన మీద కోపం కాస్త తగ్గింది. ఆయన ఒక్కడే కాదు, విడిభాగాల పట్టికలు చాలావరకు బండి పేరు, సంవత్సరం బట్టే ఉంటాయి. అడగడం ఆయనకి ఎవరూ నేర్పి ఉండరు. అయినా అడగడానికి అర నిమిషం చాలు కదా అన్నది మాత్రం మింగుడుపడట్లేదు.

సాయంత్రం ఈ కొత్త షాక్‌లకి లోపల స్పేసర్, అంటే అడ్డు ముక్క, వేయించి పొట్టి చేయిద్దామనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అదీ సరిపోదు. స్పేసర్‌తో తగ్గేది తెరుచుకున్నప్పటి పొడవే. పూర్తిగా నొక్కుకున్నప్పటి పొడవు తగ్గదు. అది పాత షాక్ కన్నా ఎక్కువుంటే పైకి వెళ్ళే ట్రావెల్ తరిగిపోతుంది, స్ప్రింగ్, వాల్వింగ్ (లోపల ఆయిల్ పారే తీరు) ఎలాగూ మార్చాలి. దానికన్నా లాంగ్ ట్రావెల్ ఆర్మ్‌లే తెచ్చేస్తే? తెస్తే టై రాడ్‌లు, బ్రేకు పైపులు మళ్ళీ సరిచూడాలి. పైగా చిన్నోడు ఇంకా పెద్ద గెంతుల జోలికే పోవట్లేదు. వాడికి కావలసింది మలుపులో ముందు చక్రం పట్టు వదలకపోవడం. దానికి పాత షాక్‌లే చాలేమో. ఆయిల్, సీళ్ళు మార్చి, వాడి బరువుకి, ఈ ఆర్మ్‌ల పొడవుకి తగిన స్ప్రింగులు వేయిస్తే సరి. ఆ పాత షాక్‌లని చిన్నోడు సంచిలో చుట్టి అటక మీద పెట్టాడు, ఇందాకే వెళ్ళి చూసొచ్చాను. షాఫ్టుల మీద ఒక్క గీత లేదు. చాలా సంతోషమేసింది.

పొద్దున్నే ఆ బాల్ జాయింట్లు విప్పించాలి. తాకిన కాడతో బండి మళ్ళీ కదలడానికి వీల్లేదు, వాడు ఎంత బతిమాలినా సరే. కొత్తవి పడ్డాకే పాత షాక్‌లు స్ప్రింగ్ లేకుండా బిగించి, జాకీ పెట్టి లేపుతాం. హ్యాండిల్ వాడు తిప్పుతాడు, టేపు నా చేతిలో ఉంటుంది.