కోల్మన్ హేచరీలో ఒక పూట

అక్టోబరు నెల, శనివారం. తెల్లవారకముందే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో బయల్దేరి ఐ-5 హైవే ఎక్కాం. విలియమ్స్ దాటాక వరిచేలు కనిపిస్తే మావయ్యగారు అద్దం దించి మరీ చూశారు. కైకలూరు దగ్గర చేపల చెరువులు చేసిన మనిషి. అందుకే ఈసారి ఆయన్ని గుళ్లకీ మాల్స్‌కీ కాకుండా ఆండర్సన్ ఊరి దగ్గరున్న కోల్మన్ హేచరీకి, అంటే చేపపిల్లల్ని పొదిగించి పెంచే చోటికి తీసుకెళ్లాను.

సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి పుట్టిన నదికి ఎదురీదుతాయి. శాక్రమెంటో నది మీది షాస్తా డ్యామ్ వల్ల పైకెళ్లే దారి మూసుకుపోయిన సాల్మన్ల కోసం 1942లో కట్టారు దీన్ని. బ్యాటిల్ క్రీక్ వాగులోంచి కాంక్రీటు మెట్ల మీదికి చినూక్ రకం సాల్మన్లు ఎదురెక్కుతున్నాయి. వీపులు నల్లబడ్డాయి, తోకలు అరిగిపోయాయి. సముద్రం నుంచి 400 కిలోమీటర్లకు పైగా, మేత ముట్టకుండా ఈదొచ్చాయి. నాకు గొంతు పట్టేసింది.

"పిల్లల్ని ఎక్కడ వదుల్తారో అడుగమ్మా," అన్నారు మావయ్యగారు.

అక్కడి వాలంటీరు ఓపిగ్గా చెప్పాడు. మామూలుగా ఏప్రిల్ ప్రాంతంలో, వేలెడంత పిల్లల్ని ఈ వాగులోకే వదులుతారు. వానలకు నీళ్లు బురదగా ఉరకలేస్తుంటే ఎక్కువ బతుకుతాయి. తేటనీళ్లలో బాస్ చేపలకు ఇట్టే దొరికిపోతాయి. 2014 కరువులో శాక్రమెంటో నది సన్నబడి వేడెక్కితే లక్షల పిల్లల్ని ట్యాంకర్లలో దిగువకు, సముద్రానికి దగ్గరగా తరలించారు. ప్రాణాలైతే నిలిచాయి. కానీ సాల్మన్ పిల్ల కిందికి ఈదుతూనే దారి పొడుగునా నీళ్ల వాసన గుర్తుపెట్టుకుంటుంది. లారీలో పోయినవాటికి ఆ దారే తెలీదు. పెద్దయ్యాక చాలా చేపలు ఫెదర్, అమెరికన్ లాంటి వేరే నదుల్లోకి వెళ్లిపోయాయి. 2017లో ఇక్కడికొచ్చినవి గుడ్లకే చాల్లేదు.

ఆ సంగతి ఎలా తెలుస్తుందంటే, నాలుగింట ఒక పిల్లకు ముక్కులో మిల్లీమీటరు తీగ పెట్టి, వీపు మీద తోక దగ్గరుండే చిన్న రెక్క కత్తిరిస్తారు. ఎక్కడ దొరికినా తీగ మీది అంకెలు పుట్టిల్లు చెప్పేస్తాయి.

"మేం సీడు కవరును, చేపపిల్లలున్నదాన్ని, చెరువులో తేలేసి, నీళ్ల వేడి కలిశాకే మూతి విప్పుతాం. వీళ్లు అలాగే గుమ్మరించేస్తారా?" అన్నారు మావయ్యగారు. కొన్నిచోట్ల ముందు వలగూళ్లలోకి దింపి, కుదుటపడ్డాక వదులుతారని చెబితే తలూపారు. "మరే, లారీ ఆగిందంటే కొంగలు వాలిపోతాయి కదా."

కరువేడాది ట్యాంకరు తప్పని నేననలేను. అయితే అప్పుడు కూడా కొన్ని పిల్లల్నైనా ఈ వాగులోనే వదలాలి. 2023, 2024లలో కాలిఫోర్నియాలో సాల్మన్ వేటే ఆపేశారు. దారి తెలిసిన ఒక్కో చేపకీ ఇప్పుడు అంత విలువుంది.

వెళ్లొస్తుంటే ఒక చేప మెట్టెక్కలేక మూడుసార్లు జారింది. మావయ్యగారు రెయిలింగు పట్టుకుని నిలబడిపోయారు. నాలుగోసారి ఎక్కింది. వీపు మీద ఆ చిన్న రెక్క లేదు.