యాభై ఐదు దాటితే లాగని బండి

మా పది టైర్ల లారీ 2016 మోడల్, బీఎస్-3 (పాత పొగ నిబంధనల) బండి, ఇంజన్‌కు డీజిల్ కొట్టే పంపు కంప్యూటర్ లేని మెకానికల్ రకం. పోయిన ఎండాకాలంలో రెండు నెలల పాటు అది పెట్టిన టెన్షన్ అంతా ఇంతా కాదు. నెల్లూరులో బియ్యం ఎత్తుకుని విజయవాడ వైపు పోతుంటే ఊళ్లలో, సర్వీసు రోడ్లలో చక్కగానే లాగుతుంది, హైవే ఎక్కి యాభై ఐదు దాటించి పది పన్నెండు నిమిషాలు పోయాక మాత్రం మెల్లగా చచ్చుబడిపోతుంది. యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కినా నలభైకి పడిపోతుంది, ఫ్లైఓవర్ వస్తే రెండు గేర్లు దించాల్సిందే. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు డెబ్బైలో కూడా ఏ బాధా లేదు.

స్పీడ్ గవర్నర్ పట్టేస్తోందేమో అన్నారు కొందరు. అది 80 దగ్గర కదా పట్టాల్సింది! ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్లు కొత్తవి వేశాం, తేడా లేదు. ఒక షెడ్డులో చూపిస్తే పంపు దించాలన్నారు. పంపు, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి కాలిబ్రేషన్ చేయించేసరికి పది రోజులు బండి నిలబడింది, ఇరవై రెండు వేలు అయింది. మొదటి ట్రిప్పులోనే కావలి దాటగానే మళ్లీ అదే కథ. ఈసారి ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో పోయిందన్నారు. ఇంకో ముప్పై వేలు పెట్టే ఓపిక నాకు లేదు.

మా డ్రైవర్ మొదటి నుంచీ ఒక మాట చెబుతూనే ఉన్నాడు, "అన్నా, టీకి ఆపి పది నిమిషాలు ఇంజన్ ఆపేసి తీస్తే మళ్లీ బాగా పోతా ఉంది" అని. నేనే పట్టించుకోలేదు, అది నా తప్పే. కావలిలో పాత లారీలు చూసే ఒక భాయ్ దగ్గర ఆ మాట చెప్పగానే ఆయన లేచి కూర్చున్నాడు. "పంపు పాడైతే టీ తాగొచ్చేలోపు బాగవుద్దా అబ్బయ్యా? పొగ ఏ రంగులో వస్తోంది?" అన్నాడు. పొగే పెద్దగా లేదన్నాను.

ఆయన చెప్పిన లెక్క ఇది. లాగలేక నల్లపొగ కక్కుతుంటే చాలావరకు గాలి తక్కువైనట్టు, అంటే ఎయిర్ ఫిల్టరో, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే హోసు చీలిందో చూసుకోవాలి. పొగ లేకుండా నీరసపడితే డీజిల్ అందడం లేదేమోనని ముందు అనుమానించాలి. మరి ఊళ్లో ఎందుకు బాగుంటుంది అంటే, నలభై నుంచి అరవైకి వెళితే ఎదురుగాలిని నెట్టడానికే ఇంజన్‌కు మూడు రెట్లకు పైగా శక్తి కావాలి, పైన లోడు ఉండనే ఉంది. తక్కువ వేగంలో సరిపోయే సన్నటి డీజిల్ ధార అక్కడ చాలదు.

ఆ తర్వాత ఆయన చేసిన పరీక్ష చూసి, దీన్ని మొదటి రోజే ఎందుకు చేయలేదా అని నాకు కడుపు మండింది. ట్యాంకు నుంచి వచ్చే పైపు తీసేసి, ఇరవై లీటర్ల డీజిల్ క్యాను క్యాబిన్ బయట గట్టిగా కట్టి, డీజిల్ లాగే సక్షన్ పైపునీ, మిగిలింది వెనక్కి పోసే రిటర్న్ పైపునీ అందులోనే పెట్టాడు, పైపుల్లో చిక్కిన గాలి తీశాడు, లోడుతోనే ఉలవపాడు దాకా తోలమన్నాడు. అరవై ఐదులో ఒక్కసారి కూడా నీరసపడలేదు! పంపు, నాజిళ్లు, టర్బో అన్నీ బాగున్నాయని అక్కడే తేలిపోయింది.

ఇక మిగిలింది ట్యాంకే. కడిగితే తుప్పుతో పాటు అరచేతి వెడల్పు పాలిథిన్ ముక్క వచ్చింది. అంతకుముందు ట్యాంకు మూత పోయినప్పుడు రెండు రోజులు కవరు కట్టి తిప్పాం, దానిదే. డీజిల్ లాగుడు పెరిగినప్పుడు పోయి సక్షన్ జాలికి అతుక్కోవడం, ఇంజన్ ఆపితే ఊడి అడుక్కు జారడం, ఇదీ రెండు నెలలుగా జరిగింది. ఆ మూత బదులు కొన్న కొత్త మూతకు గాలి రంధ్రం కూడా సరిగా లేదు, ట్యాంకులోకి గాలి పోకపోతే డీజిల్ సరిగా రాదు, అందుకే దాన్నీ మార్చేశాం. కొత్త బీఎస్-6 బండ్లలో డీజిల్ ఉన్నా, పొగను శుభ్రం చేయడానికి విడిగా పోసే యాడ్‌బ్లూ ద్రవం అయిపోతే కంప్యూటరే పవర్ తగ్గించేస్తుంది కాబట్టి వాటికి ముందు స్కానర్ పెట్టించండి, మాలాంటి పాత బండికి మాత్రం పంపు మీద స్పానర్ పడకముందే ఒక డీజిల్ క్యాను కట్టించి చూడండి.

భాయ్ తీసుకున్నది పద్నాలుగు వందలు, ట్యాంకు కడిగిన కూలీతో కలిపి.